లారీ పొగ ఎంత వేడి? మామ బండికి ఈజీటీ మీటర్ బిగించిన కథ

ఈ ఎపిసోడ్ రూమ్‌లో కూర్చొని తీసింది కాదు. గుత్తిలో, హైవే పక్కన ఒక మెకానిక్ షెడ్డు ముందర స్టూలు వేసుకొని మాట్లాడుతున్నాను. వెనకాల హారన్లు వస్తాయి, కొంచెం ఓర్చుకోండి. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబర్ హైవే, బళ్ళారి వైపు పోయే 67వ నంబర్ హైవే రెండూ మా ఊరి దగ్గరే కలుస్తాయి. ఇక్కడ హారన్ వినపడని నిమిషం కావాలంటే కోట ఎక్కాల్సిందే.

ముందు ఇది చూడండి. కెమెరాకు దగ్గరగా పెడతాను. ఇది లారీ పిస్టన్. ఈ పక్క అంచు బాగానే ఉంది కదా? ఇప్పుడు తిప్పుతాను. ఈ పక్క చూడండి, కొవ్వొత్తి కారినట్టు కారిపోయింది. ఎవరూ సుత్తితో కొట్టలేదు. లోపల మంట తగిలి కరిగింది. ఇది మా మామ బండిది.

చెప్పేది ఏంటంటే, ఇది కరుగుతున్నప్పుడు డ్యాష్‌బోర్డులో హీట్ మీటర్ ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది. నార్మల్. మామ ఆ ముల్లు చూసుకుంటూనే నడిపాడు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ముక్క గురించే.

పోయిన మే నెల. మామది పది టైర్ల పాత లారీ, బీఎస్-3 కాలం నాటిది, మెకానికల్ పంపు, టర్బో ఉంది. తాడిపత్రిలో నాపరాళ్ళు ఎత్తుకొని, గుత్తిలో ఇంటికి ఒకసారి వచ్చి, భోంచేసి, మధ్యాహ్నం బెంగళూరు బయల్దేరాడు. మ్యాప్ చూస్తే మీకు ఒకటి అర్థమవుతుంది. గుత్తి సముద్ర మట్టానికి దాదాపు 350 మీటర్ల ఎత్తులో ఉంటే, బెంగళూరు 900 మీటర్లు. అంటే అనంతపురం దాటి పెనుకొండ వైపు పోయే కొద్దీ రోడ్డు ఎత్తుకుంటూనే పోతుంది. కార్లో పోతే తెలియదు. నిండు లోడు లారీకి తెలుస్తుంది. బయట ఎండ 42 డిగ్రీలు.

సాయంత్రం నాలుగున్నరకు ఫోన్. "ఒరేయ్ అల్లుడా, బండి లాగడం ల్యా. ఇంజిన్‌లో నుంచి తెల్లపొగ కక్కుతాంది." నేను అడిగిన మొదటి ప్రశ్న, "మామా, హీట్ ఎక్కిందా?" "ల్యా రా. ముల్లు మధ్యలోనే ఉండాది. నీళ్ళు గూడా నిండుగా ఉండాయి."

బండిని కట్టి లాక్కొచ్చారు. హెడ్డు విప్పితే ఐదో సిలిండర్‌లో ఇది. పిస్టన్ కరిగి, ఆ అల్యూమినియం బోరుకు అంటుకొని, లైనర్ గీతలు పడింది. బోరు, పిస్టన్ సెట్, గాస్కెట్లు, టర్బో సర్వీసు, లేబరు అన్నీ కలిపి లక్షా అరవై వేలు దాటింది. బండి 23 రోజులు నిలబడింది. ఆ నెల ఫైనాన్స్ వాయిదా మా అత్త గాజులు కుదువ పెట్టి కట్టారు. ఇది నేను కంటెంట్ కోసం చెప్పట్లేదు. అత్తను అడిగే చెప్తున్నాను. "చెప్పు, ఇంకొకరికైనా పనికొస్తాది" అంది.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంజిన్ లోపల లోహం కరిగేంత వేడి ఉంటే హీట్ మీటర్ ఎందుకు చూపించలేదు?

ఎందుకంటే అది చూపించేది నీళ్ళ వేడి. ఇంజిన్ బ్లాకు అంతా తిరిగి వచ్చిన నీళ్ళ సగటు వేడి. థర్మోస్టాట్, ఫ్యాను, రేడియేటర్ మూడూ కలిసి ఆ నీళ్ళను 80, 90 డిగ్రీల దగ్గర కూర్చోబెట్టడానికే ఉన్నాయి. రేడియేటర్ బాగుంటే ముల్లు కదలదు. పిస్టన్ పైన మంట వేడి పెరిగితే అది లోహంలోకి దిగి, నూనెలోకి, నీళ్ళలోకి పాకి, ముల్లు దాకా రావడానికి చాలాసేపు పడుతుంది. ఒక్కోసారి అసలు రాదు. నేను బెంగళూరులో నాలుగేళ్ళు కోడ్ రాసి వచ్చినవాణ్ణి కాబట్టి నా భాషలో చెప్తాను. నీళ్ళ మీటర్ అంటే రాత్రి పన్నెండుకు మెయిల్‌లో వచ్చే డైలీ రిపోర్ట్. సర్వర్ మధ్యాహ్నమే పడిపోయి ఉంటుంది.

సిలిండర్ లోపలి మంటకు దగ్గరగా మనం కొలవగలిగేది ఒక్కటే. బయటికి వచ్చే పొగ వేడి. దీన్ని ఎగ్జాస్ట్ గ్యాస్ టెంపరేచర్ అంటారు, పొట్టిగా ఈజీటీ. ఆ మీటర్‌ను పైరోమీటర్ అని కూడా అంటారు. యాక్సిలరేటర్ తొక్కిన రెండు మూడు సెకన్లలో ఆ అంకె కదులుతుంది.

మాకు ఇది కొత్త సంగతేమీ కాకూడదు నిజానికి. మా ఊళ్ళో రైల్వే డీజిల్ షెడ్ ఉంది. అక్కడ చూసిన డబ్ల్యూడీజీ-3ఏ లాంటి గూడ్స్ ఇంజిన్లు 16 సిలిండర్లు, 3100 హార్స్‌పవర్, టర్బో ఉన్నవే. ఓడల్లో, పెద్ద జనరేటర్లలో అయితే ఒక్కో సిలిండర్ పొగ వేడిని విడివిడిగా కొలుస్తారు, ఒకటి తేడా వస్తే వెంటనే తెలుస్తుంది. అంత పెద్ద ఇంజిన్‌కు ఉన్న మర్యాద మన లారీకి లేదు. మన లారీకి నీళ్ళ ముల్లు, నూనె ముల్లు, దేవుడి ఫోటో.

ఇక్కడ బైకులు ట్యూన్ చేసే తమ్ముళ్ళకు ఒక మాట. పెట్రోల్ ఇంజిన్‌లో పెట్రోల్ తగ్గితే వేడి ఎక్కుతుందని మీకు తెలుసు. డీజిల్‌లో అది తలకిందులు. డీజిల్ ఇంజిన్‌లో గాలి ఎప్పుడూ అవసరానికన్నా ఎక్కువే పోతుంది. ఆ మిగులు గాలే చల్లబరిచేది. డీజిల్ పెంచే కొద్దీ, లేదా గాలి తగ్గే కొద్దీ, పొగ వేడి పెరుగుతుంది. అంటే నల్ల పొగ కక్కే లారీ "పవర్‌ఫుల్" కాదు, దానికి ఊపిరి ఆడట్లేదు.

గాలి ఎట్లా తగ్గుతుంది? అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది వాన. మిగతా రోజులంతా దుమ్మే. క్వారీ దగ్గర లోడు ఎత్తే బండి ఎయిర్ ఫిల్టర్ ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. దాని తర్వాత ఇంటర్‌కూలర్. రెక్కల మధ్య మట్టి పేరుకుంటే గాలి చల్లబడదు. వేడి గాలి పలచగా ఉంటుంది. దాని తర్వాత రబ్బరు గొట్టాలు, క్లాంపులు. ఒక్క క్లాంపు వదులైనా టర్బో నొక్కిన గాలి మధ్యలోనే బయటికి పోతుంది. డీజిల్ మాత్రం తగ్గదు.

డీజిల్ ఎట్లా పెరుగుతుంది? ఇది చెప్పాలంటే మామ ముఖం చూడాలి నేను. పంపు స్క్రూ. "బండి లాగడం ల్యా" అని ఎప్పుడో ఒకసారి పంపు పెంచించుకున్నాడు. ఎవరు పెంచారు అనేది వద్దు, అడిగి పెంచించుకుంది మామే. అప్పుడు బాగా లాగింది. రెండేళ్ళు లాగింది. దానికి అసలు బిల్లు పోయిన మేలో వచ్చింది.

ఒక నిజం కూడా చెప్పాలి, లేకుంటే మోసం అవుతుంది. ఆరు సిలిండర్లలో ఒక్కటే కరిగితే ఇంజెక్టర్‌ను కూడా అనుమానించాలి. మా భాయ్, అంటే ఈ షెడ్డు మెకానిక్, ఆరు ఇంజెక్టర్లనూ టెస్ట్ చేయిస్తే ఐదోది పిచికారీ కొట్టకుండా కారుతోంది. అట్లాంటప్పుడు మీటర్ ఉన్నా అది మూడు సిలిండర్ల పొగ కలిసిన చోట కొలుస్తుంది కాబట్టి, ఒక్కదాని తప్పు పూర్తిగా పట్టకపోవచ్చు. కానీ మిగతా ఐదూ అప్పటికే అంచు మీద ఉన్నాయి. అంచు మీద ఉన్నవాణ్ణి తోయడానికి ఒక కారే ఇంజెక్టర్ చాలు.

ఇప్పుడు అంకెలు. ఐడిల్‌లో ఉంటే పొగ వేడి 150, 200 డిగ్రీల లోపే. సమతలం రోడ్డు మీద లోడుతో పోతే 350 నుంచి 450. ఎత్తు ఎక్కేటప్పుడు 550, 600 దాటడం మామూలే. టర్బోకు ముందు కొలిస్తే, పాత మెకానికల్ పంపు ఇంజిన్లకు మెకానిక్‌లు పెట్టుకునే గీత 700 దగ్గర. అర నిమిషం తాకి దిగితే కంగారు లేదు. అక్కడే నిలబడి ఐదు నిమిషాలు ఎక్కితే కంగారు పడాలి. మీ ఇంజిన్ కంపెనీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే మీకు చట్టం, నా వీడియో కాదు.

ఇంకో జాగ్రత్త. అమెరికా పికప్ ట్రక్కుల వీడియోలు చూస్తే వాళ్ళు 1300 అంటారు. అది ఫారన్‌హీట్. మన లెక్కలో 704 డిగ్రీలు. నవ్వకండి, మీటర్ కొన్నాక సెట్టింగ్ ఫారన్‌హీట్‌లో ఉందని తెలియక నేను పది నిమిషాలు గుండె పట్టుకొని కూర్చున్నాను.

"పిస్టన్ అల్యూమినియం కదా, అది 600 డిగ్రీల లోపే కరుగుతుంది కదా, 700 పొగ ఎట్లా తట్టుకుంటుంది?" మంచి ప్రశ్న, నాకూ వచ్చింది. పిస్టన్ మిశ్రమ లోహం 580 దగ్గరే మెత్తబడి కరగడం మొదలుపెడుతుంది. కానీ మంట పిస్టన్‌ను తాకేది ప్రతి రెండు చుట్లలో కొద్ది సేపే. మిగతా సేపు చల్లగాలి వస్తుంది, చాలా ఇంజిన్లలో కింద నుంచి నూనె చిమ్ముతుంది, రింగుల గుండా వేడి బోరుకు పోతుంది. కాబట్టి పొగ 650 ఉంటే పిస్టన్ 650 కాదు, చాలా తక్కువ. ఈ మీటర్ పిస్టన్ వేడిని చూపించదు. ఎంత దగ్గరికి వచ్చామో చూపిస్తుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి అనేదానికి వద్దాం.

మీటర్ అంటే రెండు వస్తువులు. పొగలో ఉండే ప్రోబు, డ్యాష్‌బోర్డు మీద ఉండే డిస్‌ప్లే. డబ్బు ప్రోబు మీద పెట్టండి. డిస్‌ప్లేకు రంగు లైట్లు ఏడు రకాలు మారతాయని ఎక్కువ ఇవ్వొద్దు. ప్రోబు లోపల ఉండేది కె-టైప్ థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల తీగలు కొసన అంటించి ఉంటాయి. అక్కడ వేడి తగిలితే చిన్న వోల్టేజ్ పుడుతుంది. 1821లో థామస్ సీబెక్ గమనించిన సంగతి ఇది. డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు, అంటే 700 డిగ్రీల దగ్గర మొత్తం కలిపి 29 మిల్లీవోల్టులే. టార్చి సెల్లులో యాభైయో వంతు. అంత చిన్న సిగ్నల్ కాబట్టే వైరింగ్‌లో చిన్న తప్పుకే అంకె మారిపోతుంది. దాని కథ ముందుంది.

ప్రోబు పైతొడుగు ఇంకోనెల్ లేదా 310 గ్రేడు స్టీల్ అయి ఉండాలి. మామూలు స్టీల్ తొడుగు ఆ వేడిలో ఏడాదికల్లా పొలుసులు లేస్తుంది. లావు ఎంత? సన్నది, మూడు మిల్లీమీటర్లది, వేగంగా చూపిస్తుంది. లావుది, ఆరు మిల్లీమీటర్లది, రెండు సెకన్లు ఆలస్యంగా చూపిస్తుంది కానీ గట్టిది. ఇది ఎందుకు ముఖ్యమంటే ప్రోబు టర్బోకు ముందు ఉంటుంది. దాని కొస విరిగితే నేరుగా టర్బో రెక్కల్లోకి పోతుంది. టర్బో నిమిషానికి లక్ష చుట్ల చుట్టుపక్కల తిరిగే వస్తువు. నేనైతే లారీకి లావుదే తీసుకుంటాను. రేసు బండి కాదు కదా, రెండు సెకన్లకు కొంపలు మునగవు.

డిస్‌ప్లేకు మూడు చాలు. ఒకటి, బీప్ అలారం, మనం అంకె పెట్టుకునేది. రాత్రి రెండు గంటలకు ఎవరూ మీటర్ చూడరు, చెవి వింటుంది. రెండు, పీక్ హోల్డ్, అంటే ఈ ట్రిప్పులో ఎక్కువలో ఎక్కువ ఎంత పోయిందో గుర్తుంచుకునేది. బండి డ్రైవర్‌కు ఇచ్చే ఓనర్లకు ఇది బాగా పనికొస్తుంది, కానీ దాన్ని పట్టుకొని డ్రైవరన్నతో గొడవ పెట్టుకోకండి. మూడు, 24 వోల్టులు. కార్లకు అమ్మేవి 12 వోల్టులవి. లారీకి తగిలిస్తే ఒక్క నిమిషంలో వాసన వస్తుంది. 24 వోల్టులది దొరక్కపోతే మధ్యలో కన్వర్టర్ పెట్టాలి. దయచేసి రెండు బ్యాటరీల్లో ఒక్కదాని నుంచి 12 లాగొద్దు. అది ముందే చస్తుంది.

ధర? ఆన్‌లైన్‌లో పదిహేను వందల నుంచి పది వేల పైదాకా ఉన్నాయి. మేము తీసుకున్నది మధ్యలోది. బ్రాండు చెప్పను, వాళ్ళు నాకు డబ్బులివ్వలేదు.

ప్రోబు ఎక్కడ పెట్టాలి అనేది పెద్ద తగవు. టర్బో తర్వాత సైలెన్సర్ పైపులో పెడితే పని సులువు. పైపుకు తూటు పెట్టి నట్టు వెల్డింగ్ చేస్తే అయిపోయింది. కానీ టర్బో తిరగడానికి శక్తి వచ్చేదే ఆ పొగలో నుంచి. అందుకే టర్బో దాటాక పొగ చల్లబడుతుంది. నిండు లోడులో 100, 150 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తేడా ఉంటుంది. ఆ తేడా స్థిరంగా ఉంటే కూడి లెక్కేసుకునేవాళ్ళం. స్థిరంగా ఉండదు. బాగా తొక్కినప్పుడే, అంటే మనకు నిజం కావాల్సినప్పుడే, తేడా ఎక్కువ. కాబట్టి టర్బోకు ముందు, మ్యానిఫోల్డ్‌లోనే పెట్టాలి. ఆరు సిలిండర్ల ఇంజిన్లలో చాలావాటికి మ్యానిఫోల్డ్ రెండు భాగాలుగా ఉంటుంది. ముందు మూడూ ఒక దారి, వెనక మూడూ ఒక దారి. మేము వెనక మూడు కలిసే చోట, టర్బో అంచుకు కొంచెం ముందు పెట్టాం. ఐదో సిలిండర్ అటువైపే కదా, దాని మీద మాకు కోపం.

తూటు వేయడం. ఇక్కడ యూట్యూబ్‌లో రెండు మతాలున్నాయి. ఒక మతం వాళ్ళు మ్యానిఫోల్డ్ విప్పరు. డ్రిల్ బిట్టుకు గ్రీసు పూసి, చూర్ణం గ్రీసుకు అంటుకునేలా నెమ్మదిగా వేసి, అయస్కాంతంతో తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి మిగిలింది ఊదేస్తారు. చాలామందికి ఏమీ కాలేదు. నేను ఒప్పుకోను. అది పోత ఇనుము చూర్ణం, పోయేది టర్బో రెక్కల మీదికి. లక్షా అరవై వేలు కట్టి వచ్చినవాళ్ళం మేము. ఎట్లాగూ హెడ్డు పని జరుగుతోంది కాబట్టి మ్యానిఫోల్డ్ విప్పే ఉంది. దాన్ని లేత్ షాపుకు తీసుకుపోయాం. మీ బండికి టర్బో సర్వీసో గాస్కెట్ మార్పో వచ్చినప్పుడు ఈ పని కలుపుకోండి. ఇందుకోసమే విప్పడం అనవసర ఖర్చు.

ప్రోబులకు ఎక్కువగా వచ్చే మర 1/8 ఎన్‌పీటీ. దీనికి 8.7 మిల్లీమీటర్ల డ్రిల్లు వేసి ట్యాప్ కొట్టాలి. లేత్ షాపులో 1/8 బీఎస్‌పీ ట్యాపు చేతికి దొరుకుతుంది, "రెండూ ఒకటే" అంటారు. ఒకటి కాదు. అంగుళానికి ఒకటి 27 పళ్ళు, ఇంకొకటి 28. రెండు మూడు చుట్లు ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది, పొగ లీకవుతుంది. ఎన్‌పీటీ మర కొంచెం కోసుగా ఉంటుంది కాబట్టి ట్యాపును మొత్తం దించకండి. కొంచెం కొట్టి, ప్రోబు బిగించి చూసి, మళ్ళీ కొట్టాలి. కొస గొట్టం మధ్యలో ఉండాలి. అవతలి గోడకు తగిలితే గోడ వేడి చూపిస్తుంది, పొగది కాదు. మరకు వేడి తట్టుకునే యాంటీ-సీజ్ పేస్టు పూయండి, లేకపోతే వచ్చే ఏడాది ప్రోబు మార్చాలంటే మ్యానిఫోల్డ్‌తో సహా మార్చుకోవాలి.

ఇప్పుడు నా తప్పు. ప్రోబు వైరు క్యాబిన్ దాకా రాలేదు, ఒక మీటరు తక్కువ. నేను బీటెక్ కదా, ఇంట్లో ఉన్న మామూలు రాగి వైరు కలిపి టేపు చుట్టాను. మీటర్ పనిచేసింది. అంకె చూపించింది. బానే ఉందనుకున్నాం. నాలుగు రోజుల తర్వాత అనుమానం వచ్చి లెక్క చూసుకుంటే, కె-టైప్ తీగకు మామూలు రాగి కలిపితే అతుకు దగ్గర వేడి ఎంతో, క్యాబిన్‌లో వేడి ఎంతో, ఆ రెండింటి తేడా మాయమైపోతుంది. అతుకు ఇంజిన్ పక్కన 90 డిగ్రీల్లో ఉంది, క్యాబిన్ 40. అంటే మీటర్ 50 తక్కువ చూపిస్తోంది. 700 ఉంటే 650 అంటుంది. తప్పు చూపించే మీటర్ కంటే మీటర్ లేకపోవడమే మేలు, కనీసం భయమైనా ఉంటుంది. పొడిగించాలంటే కె-టైప్ ఎక్స్‌టెన్షన్ వైరే, మధ్యలో కనెక్టర్ కూడా ఆ లోహానిదే. మీటరుకు రెండు మూడు వందలే.

ప్లస్, మైనస్ కూడా తిరగేయొద్దు. అమెరికా పద్ధతి వైర్లలో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. అవును, ఎరుపు మైనస్. మన లారీ ఎలక్ట్రీషియన్ చెయ్యి ఎరుపును ప్లస్‌కే తీసుకుపోతుంది, పుట్టుకతో వచ్చిన అలవాటు. తిరగేస్తే ఇంజిన్ వేడెక్కే కొద్దీ అంకె దిగిపోతుంది. రంగులు మాసిపోయి ఉంటే చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకునే తీగ మైనస్.

కరెంటు ఇగ్నిషన్ లైన్ నుంచి, ఒక చిన్న ఫ్యూజుతో తీసుకున్నాం. ప్రోబు వైరును టర్బోకు, సైలెన్సర్‌కు దూరంగా, స్లీవు తొడిగి తెచ్చాం. మీటర్‌ను అద్దం పక్క పిల్లర్ మీద, కళ్ళు రోడ్డు మీద నుంచి ఎక్కువ తిప్పకుండా కనిపించే చోట. అంతే, ఇందులో చెప్పేదేమీ లేదు.

మొదటి ట్రిప్పుకు నేనూ పోయాను. మళ్ళీ తాడిపత్రి రాళ్ళే, మళ్ళీ బెంగళూరే. మామకు ఈ మీటర్ మీద నమ్మకం లేదు. "ముప్పై ఏండ్లు చెవుతో నడిపినా రా బండి. ఇంజిన్ ఏం చెప్తాందో నా కాలికి తెలుస్తాది." నేనేం వాదించలేదు. అనంతపురం దాకా 400, 420. మామ విజయగర్వంతో టీ తాగాడు.

పెనుకొండ వైపు ఎత్తు మొదలైంది. ఐదో గేరు, 1200 ఆర్‌పీఎం, కాలు పూర్తిగా నేలకు. 560. 610. 650. బండి శబ్దం ప్రశాంతంగా ఉంది. నిజంగా, చాలా ప్రశాంతంగా ఉంది. 680 దగ్గర బీప్ మొదలైంది. మామ మీటర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నాలుగు వెయ్ మామా" అన్నాను. "ఇంజిన్ అరుస్తాది రా" అన్నాడు. అన్నా వేశాడు. ఆర్‌పీఎం 1700కు పోయింది, ఇంజిన్ అరిచింది. స్పీడు దాదాపు అదే. అంకె 680 నుంచి దిగడం మొదలుపెట్టింది. 640. 610. 590 దగ్గర నిలబడింది.

మామ ఏమీ మాట్లాడలేదు. రెండు కిలోమీటర్లు పోయాక, "అరిస్తే సల్లగుంటాది, మెల్లగుంటే కాలుతాదా?" అన్నాడు.

లెక్క చెప్తాను. ఆరు లీటర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకు మూడు లీటర్ల గాలి పీలుస్తుంది. టర్బో సంగతి పక్కన పెడదాం. 1200 చుట్లకు నిమిషానికి 3600 లీటర్లు. 1700 చుట్లకు 5100 లీటర్లు. అదే ఎత్తు, అదే లోడు, అదే స్పీడు అంటే కావాల్సిన శక్తి అదే, డీజిల్ దాదాపు అంతే. గాలి మాత్రం నిమిషానికి 1500 లీటర్లు ఎక్కువ. పైగా చుట్లు పెరిగితే టర్బో కూడా ఇంకా తోస్తుంది. మిగులు గాలి పెరిగింది, పొగ చల్లబడింది. చెవికి ఇబ్బందిగా ఉన్న ఇంజిన్ లోపల హాయిగా ఉంది. చెవికి హాయిగా ఉన్నది లోపల ఉడుకుతోంది. ముప్పై ఏళ్ళ అనుభవం తప్పు కాదు, ఆ అనుభవానికి ఈ ఒక్క సంగతి వినపడే దారి లేదు.

అయినా 590 నాకు నచ్చలేదు. కొత్త పిస్టన్లు, పంపు మళ్ళీ కంపెనీ లెక్కకు తెచ్చాం, మరి ఐదో గేరులో 680 ఎందుకు పోవాలి? తిరిగొచ్చాక భాయ్ ఇంటర్‌కూలర్ గొట్టాల్లోకి కొంచెం గాలి ఎక్కించి సబ్బు నీళ్ళు పోశాడు. కింది క్లాంపు దగ్గర బుడగలు. ఆ క్లాంపు ధర ఎనభై రూపాయలు. అది మార్చి, ఇంటర్‌కూలర్ రెక్కలు కడిగాక, అదే ఎత్తులో అదే ఐదో గేరులో 620 దాటలేదు. ఆ క్లాంపు మేలో కూడా లీకవుతూనే ఉందా? భాయ్ "ఉండొచ్చు" అన్నాడు. అంతకన్నా ఎవరూ చెప్పలేరు.

ఇంకో అలవాటు మారింది. ధాబా దగ్గరికి రాగానే చటుక్కున ఆఫ్ చేసేవాడు మామ. డీజిల్ మిగులుతుందని. అప్పుడు టర్బో ఎర్రగా కాలుతూ ఉంటుంది, నూనె ఆగిపోతుంది, ఉన్న నూనె లోపలే మాడి బొగ్గవుతుంది. ఇప్పుడు అంకె 200 లోపుకు వచ్చేదాకా ఐడిల్‌లో ఉంచుతాడు. రెండు నిమిషాలు, ఎండాకాలం మూడు. ఆ లోపు క్లీనర్ టైర్లు కొట్టి చూసుకుంటాడు.

కొత్త బండ్ల వాళ్ళకు ఒక్క మాట, ముఖ్యమైనది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవి బీఎస్-6. వాటికి కంపెనీ నుంచే ఎగ్జాస్ట్‌లో వేడి సెన్సర్లు ఉంటాయి, ఎక్కువైతే కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది. వాటి మ్యానిఫోల్డ్‌కు డ్రిల్లు పెట్టొద్దు, వారంటీ పోతుంది. అంకె చూడాలనుంటే మీ బండికి సరిపోయే స్కానర్ కొనుక్కోండి. ఇంకా, వాటిలో ఫిల్టర్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు సైలెన్సర్ వైపు వేడి 550, 600 పోవడం మామూలే. దాన్ని చూసి కంగారు పడి మధ్యలో ఆఫ్ చేయకండి. ఈ ఎపిసోడ్ పాత బండ్ల కోసం. మన రోడ్ల మీద ఇంకా అవే చాలా ఉన్నాయి, వాటి వెనక అవే వాయిదాలు.

మీ నాన్నదో, బాబాయిదో, అన్నదో టర్బో లారీ ఉంటే ఈ ఆదివారం ఒక పని చేయండి. మీటర్ తర్వాత కొందురు. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, ఇంటర్‌కూలర్ గొట్టాల క్లాంపులన్నీ చేత్తో తిప్పి చూడండి. నూనె తడి ఉన్న అతుకు కనిపిస్తే అక్కడి నుంచే గాలి పోతోంది. ఇది ఫ్రీ.

అదిగో, మామ వస్తున్నాడు. మామా, ఒకసారి కెమెరా వైపు చూడు. రాడు. సిగ్గు. నిన్న రాత్రి ఫోన్ చేసి మాత్రం, "అల్లుడా, ఈ పొద్దు 612, అంతకు మించి పోలా" అని చెప్పాడు. ఇప్పుడు రోజూ చెప్తాడు. అత్త "లోడు కిరాయి ఎంతొచ్చిందో చెప్పవు గానీ ఇది చెప్తావు" అంటోంది.

సరే ఫ్రెండ్స్, వచ్చే వారం ఇదే షెడ్డులో ఎయిర్ బ్రేకులు విప్పుతున్నాం. ఉంటాను.